జల్లెడ పట్టేముందు

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లకి మొదట్లోనే ఒక రెండు లైన్ల ప్రోగ్రాం ఎదురవుతుంది. 2 నుంచి సంఖ్యల జాబితా తీసుకుని, మొదటిదాన్ని ప్రధాన సంఖ్యగా ఉంచి, దాంతో శేషం లేకుండా భాగించబడేవన్నీ తీసేసి, మిగిలినవాటి మీద మళ్లీ అదే పని చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దీన్ని ఎరటోస్తనీస్ జల్లెడ (ప్రధాన సంఖ్యలు ఏరే పాత పద్ధతి) అంటారు గానీ, కాదు.

పది లక్షల లోపు ఆఖరి ప్రధాన సంఖ్య 9,99,983. వరుసలో 78,498వది. ఈ ప్రోగ్రాంలో అది బయటపడాలంటే ముందున్న 78,497 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. వర్గమూలం దగ్గర ఆగితే 168 చాలు. అసలు జల్లెడలో దాని జోలికే పోం. గుణిజాలను అంగలేసుకుంటూ కొట్టేస్తాం, అంతే. ఎనిమిది కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) పెట్టినా వేగం మహా అయితే ఎనిమిది రెట్లు. కాబట్టి ముందు పద్ధతి మార్చాలి, కోర్ల సంగతి తర్వాత.

పది కోట్ల దాకా జల్లించడానికి 10,000 లోపు ప్రధాన సంఖ్యలు తెలిస్తే సరిపోతుంది. అవి 1,229. వాటిని ఒక్క కోరే చిటికెలో తేల్చేస్తుంది. మిగతా శ్రేణిని ముక్కలు చేస్తే ఏ ముక్కకీ పక్క ముక్కతో పని లేదు, తాళాలూ (ఒకరు రాస్తుంటే ఇంకొకరిని ఆపే లాక్‌లు) అక్కర్లేదు. బేసి సంఖ్యకో బిట్ చొప్పున 2,62,144 బిట్లు, అంటే 32 కిలోబైట్లు, చాలా ప్రాసెసర్లలో కోర్ పక్కనే ఉండే అతి వేగమైన చిన్న మెమరీ, ఎల్1 క్యాష్‌లో పడతాయి. ఒక్కో ముక్కలో 5,24,288 సంఖ్యలు, మొత్తం 191 ముక్కలు. ముక్క లోపల ఆ బిట్ల అర్రేని (వరుసని) మారుస్తూనే ఉంటాం, కానీ హాస్కెల్లో ఇలాంటి మార్పులను ఒక హద్దులో ఉంచే ఎస్‌టీ మోనాడ్ ఆ మార్పుని గడప దాటనివ్వదు.

తప్పులు ఎక్కువగా దొర్లేది ముక్క మొదట్లో. ఒక ముక్క కోటి దగ్గర మొదలైందనుకోండి. కోటిని 7తో భాగిస్తే శేషం 3, కాబట్టి తొలి గుణిజం 1,00,00,004. అది సరి సంఖ్య, మన అర్రేలో లేదు. 1,00,00,011 నుంచి 14 చొప్పున అంగలెయ్యాలి. మొదటి ముక్కలో మాత్రం ఆ ప్రధాన సంఖ్య వర్గం (7కైతే 49) నుంచే మొదలెట్టాలి, లేకపోతే 7 తనని తానే కొట్టేసుకుంటుంది.

ఇంకో చిక్కు బద్ధకపు మూల్యాంకనంతో, అంటే అవసరం పడేదాకా హాస్కెల్ లెక్క కట్టకపోవడంతో. ముక్కల మీద పనిని కోర్లకి పంచే పార్‌మ్యాప్‌ని, పైపైనే లెక్కకట్టే ఆర్‌సెక్‌తో నడిపి, ఒక్కో ముక్క నుంచి ప్రధాన సంఖ్యల జాబితా తెప్పించుకుంటే, జాబితా మొదటి గడి తేలగానే ఆ కోర్ పని అయిపోయిందంటుంది. మిగతా జాబితా అంతా చివరికి ప్రధాన థ్రెడ్ నెత్తిన పడుతుంది. జాబితా బదులు లెక్క మాత్రమే పంపించండి, లేదా చివరిదాకా లెక్కకట్టే ఆర్‌డీప్‌సెక్ వాడండి.

పది కోట్ల లోపు ప్రధాన సంఖ్యలు మొత్తం 57,61,455 రావాలి. అర్రేలో ఉన్నవి బేసి సంఖ్యలే కాబట్టి, ఒకటి తక్కువొస్తే ముందు చూడాల్సింది 2ని కలిపారా లేదా అన్నది.