జీడీఐ మీద పడ్డ నింద: థీటా 2 ఇంజిన్ల వెనక కథ

జీడీఐ (గ్యాసొలీన్ డైరెక్ట్ ఇంజెక్షన్) అనగానే పెట్రోల్ కారు కొనేవాళ్లలో కొందరికి టెన్షన్ మొదలవుతుంది. "ఆ ఇంజిన్లు సీజ్ అవుతాయటగా" అని అడుగుతారు. ఆ మాట ఎక్కువగా అమెరికా నుంచి పాకింది. అక్కడ హ్యుందాయ్, కియా కార్ల థీటా 2 అనే జీడీఐ ఇంజిన్లు లక్షల సంఖ్యలో రికాల్ అయ్యాయి. అయితే వాటిని ముంచింది డైరెక్ట్ ఇంజెక్షన్ కాదు.

మామూలు ఇంజిన్లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు వెనక పడుతుంది, వాల్వును కడుగుతూ లోపలికి పోతుంది. జీడీఐలో 150 బార్, అంతకు మించిన ఒత్తిడితో నేరుగా సిలిండర్లోకే చిమ్ముతారు. మైలేజీ, పవర్ పెరుగుతాయి గానీ వాల్వుకు ఆ స్నానం తప్పిపోతుంది. ఆయిల్ ఆవిరి అంటుకుని మసి గట్టిపడుతుంది. జీడీఐకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఇదీ. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లోనే ఉంది. ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో మామూలు కార్లలోకి తెచ్చింది మాత్రం 1996లో మిత్సుబిషి.

థీటా 2 జబ్బు వేరు, అది ఇంజిన్ అడుగున ఉంది. అలబామాలోని ఫ్యాక్టరీలో క్రాంక్ షాఫ్ట్‌ను (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసును) తొలిచినప్పుడు రాలిన రజను పూర్తిగా పోలేదని 2015 సెప్టెంబరులో హ్యుందాయ్ చెప్పింది. ఆ రజను ఆయిల్ దారులకు అడ్డం పడితే, పిస్టన్‌ను ఆ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులకు ఆయిల్ అందదు. ముందు టకటకమని చప్పుడు, తర్వాత హైవే మీద నడుస్తూనే ఇంజిన్ పట్టేయడం. అప్పుడు వెనక్కి పిలిచినవి 2011, 2012 మోడల్ సొనాటాలు, దాదాపు 4,70,000. 2012 ఏప్రిల్లోనే రజను తీసే పద్ధతి మార్చేశాం కాబట్టి ఆ తర్వాతివి బాగానే ఉన్నాయన్నది కంపెనీ వాదన. ఆ జాబితాలో కియా కారు ఒక్కటీ లేదు.

ఆ గీత నిలవలేదు. 2017 మార్చిలో రెండు కంపెనీలూ కలిపి మరో 12 లక్షల దాకా కార్లను పిలిచాయి. వాటిలో 2013, 2014 మోడళ్లు ఉన్నాయి, కియా ఆప్టిమా, సొరెంటో, స్పోర్టేజ్ కూడా ఉన్నాయి.

ఈ రెండు రికాళ్ల మధ్య ఒక మనిషి ఉన్నాడు. కిమ్ గ్వాంగ్ హో హ్యుందాయ్‌లో పాతికేళ్లకు పైగా పనిచేసిన ఇంజినీరు. 2016 ఆగస్టులో కంపెనీ లోపలి కాగితాలు పట్టుకుని వాషింగ్టన్ వెళ్లి, రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ముందు పెట్టాడు. రహస్యాలు బయటపెట్టాడంటూ కంపెనీ అదే ఏడాది ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది.

లోపం ఏ కంపెనీకైనా వస్తుంది. ఇక్కడ మెడకు చుట్టుకుంది జాప్యం. 16 లక్షలకు పైగా కార్ల రికాల్ సకాలంలో జరగలేదని, ఇచ్చిన సమాచారంలో కొంత సరిగా లేదని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తేల్చింది. 2020 నవంబరులో హ్యుందాయ్ 14 కోట్ల డాలర్లు, కియా 7 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాయి. అందులో వెంటనే కట్టాల్సింది 8.1 కోట్లే. మిగతాదాంట్లో కొంత భద్రతా పనులకు ఖర్చు పెట్టాలి, కొంత షరతుల మీద ఆధారపడింది. మరుసటి ఏడాది కిమ్‌కు 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమతి దక్కింది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇలా ఇవ్వడం అదే మొదటిసారి.

కార్ల యజమానులు అందరి తరఫునా వేసిన క్లాస్ యాక్షన్ దావా కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో రాజీకి వచ్చింది. ఆ రాజీ కింద షార్ట్ బ్లాక్‌కు, అంటే పిస్టన్లు, క్రాంక్ షాఫ్ట్ ఉండే ఇంజిన్ కింది భాగానికి, జీవితకాల వారంటీ వచ్చింది. బేరింగు పాడవుతున్న చప్పుడును ముందే పసిగట్టి హెచ్చరించే సాఫ్ట్‌వేర్ కూడా కార్లలో వేశారు. అమెరికాలో సెకండ్ హ్యాండ్ సొనాటా మీద కన్నేసిన మన పిల్లలు ఆ అప్‌డేట్ పడిందో లేదో చూసుకోవాలి. ఆ కారు గుర్తింపు సంఖ్య వీఐఎన్ కొడితే పెండింగ్ రికాళ్లు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లోనే కనిపిస్తాయి.

ఇక మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ సంగతి. 2019లో అక్కడ తయారైన సెల్టోస్‌లో 1.4 లీటర్ల టర్బో జీడీఐ ఇంజిన్ వచ్చింది. అది థీటా కుటుంబానిది కాదు, అలబామా రజను గొడవతో దానికి సంబంధం లేదు. వాల్వు మీద మసి అంటారా, అది ఏ జీడీఐకైనా ఉన్నదే.