కంటి మెలనోమా: అపోహలు - వాస్తవాలు

మెలనోమా అనగానే చర్మమే గుర్తొస్తుంది. కానీ రంగునిచ్చే మెలనోసైట్ కణాలు కంట్లోనూ ఉన్నాయి. పెద్దల్లో కంటి లోపలే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. పదింటిలో తొమ్మిది రెటీనా (కంటి వెనక, వెలుతురును గ్రహించే పొర) వెనక ఉండే కోరాయిడ్ పొరలో మొదలవుతాయి.

అపోహ: కంట్లో గడ్డ ఉంటే చూపు తగ్గి తెలిసిపోతుంది.

గడ్డ పక్కగా ఉంటే చూపు 6/6 ఉన్నా ఉండొచ్చు. అద్దంలో చూసుకుంటే కోరాయిడ్ కనిపించదు. కళ్లజోడు నంబరు పరీక్షతోనూ ఇది బయటపడదు. చుక్కల మందు వేసి, కంటిపాప విప్పారాక రెటీనా అంచుల దాకా చూడాల్సిందే. మెరుపులు, ఒక పక్క నీడ, గీతలు వంకరగా కనబడటం ఉంటే వెంటనే చూపించుకోవాలి.

అపోహ: కంటి లోపల మచ్చ ఉందంటే క్యాన్సరే.

ఎక్కువ భాగం హాని లేని పుట్టుమచ్చలే. కంటి డాక్టర్లుగా మేం చూసేవి: మందం 2 మి.మీ. దాటిందా, రెటీనా కింద నీరు చేరిందా, పైన నారింజ రంగు పొడ ఉందా, ఆప్టిక్ డిస్క్‌కు (కంటి నరం మొదలయ్యే చోటు) 3 మి.మీ. లోపు ఉందా, లక్షణాలు ఉన్నాయా. ఇవి ఎన్ని కలిస్తే ముప్పు అంత ఎక్కువ. మొదటిసారి తీసిన ఫోటో, ఓసీటీ (రెటీనా పొరలను చూపే స్కాన్), అల్ట్రాసౌండ్ కాపీలు మీ దగ్గరే పెట్టుకోండి. డాక్టరు మారితే, మచ్చ పెరిగిందో లేదో పోల్చి చెప్పడానికి ఆ పాత ఫోటోలే ఆధారం.

అపోహ: బయాప్సీ లేకుండా వైద్యం చేయకూడదు.

అనుభవజ్ఞులు కంటి పరీక్షతో, అల్ట్రాసౌండ్‌తోనే దాదాపు అన్ని కేసులనూ సరిగ్గా గుర్తిస్తారు. సూదితో కణాలు తీసేది ఎక్కువగా జన్యు పరీక్ష కోసం. 3వ క్రోమోజోమ్ ఒకటి లోపించినా, గడ్డలు పెరగకుండా అడ్డుకునే బ్యాప్1 జన్యువు దెబ్బతిన్నా వ్యాపించే ముప్పు ఎక్కువ.

అపోహ: కన్ను తీసేస్తేనే ప్రాణానికి భరోసా.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. మధ్యస్థ పరిమాణం గడ్డలున్న 1,317 మందిపై అమెరికా, కెనడాల్లో జరిగిన కామ్స్ అధ్యయనంలో కొందరికి కన్ను తీశారు, కొందరికి అయోడిన్-125 ప్లాక్ పెట్టారు. 12 ఏళ్ల తర్వాత చూసినా బతికే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ప్లాక్ అంటే రేడియోధార్మిక పదార్థం ఉన్న చిన్న గిన్నెలాంటి బిళ్ల. ఆపరేషన్‌లో ముందు గడ్డ అంచులను వెలుతురు సాయంతో తెల్లగుడ్డు మీద గుర్తుపెట్టి, చుట్టూ 2 మి.మీ. అదనంగా వచ్చేలా బిళ్లను కుట్టేస్తారు. గడ్డ కొనకు సుమారు 85 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదు అందాక, సాధారణంగా కొద్ది రోజుల్లో, తీసేస్తారు. తేడా వచ్చేది ఎక్కువగా ఆప్టిక్ నరం దగ్గర: అక్కడ బిళ్ల ఒరిగితే ఒక అంచుకు మోతాదు చాలదు, గడ్డ మళ్లీ పెరుగుతుంది. అందుకే థియేటర్లోనే అల్ట్రాసౌండ్‌తో సరిచూడటం మంచిది. రుథేనియం-106 ప్లాక్ పలచటి గడ్డలకే; మందం 6 మి.మీ. దాటితే అయోడిన్ ప్లాక్ లేదా ప్రోటాన్ కిరణాల చికిత్స మేలు.

కన్ను దక్కినంత మాత్రాన చూపు దక్కినట్టు కాదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పాలి. గడ్డ మాక్యులా (స్పష్టమైన చూపునిచ్చే రెటీనా నడిమి భాగం) దగ్గరుంటే, ఏడాది రెండేళ్లకు రేడియేషన్ రెటినోపతీ (రేడియేషన్ వల్ల రెటీనా దెబ్బతినడం) వచ్చి చూపు పడిపోవచ్చు. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు కొంతవరకు ఆపుతాయి. గడ్డ మరీ పెద్దదైనా, కన్ను నొప్పితో చూపు కోల్పోయినా తీసేయడమే సరైన నిర్ణయం.

అపోహ: కంట్లో గడ్డ పోయింది కాబట్టి నయమైనట్టే.

వైద్యం మొదలవకముందే కొన్ని కణాలు రక్తంలో కలిసి వెళ్లి ఉండొచ్చు. దాదాపు సగం మందిలో జబ్బు ఎప్పటికైనా వ్యాపిస్తుంది, అదీ ఎక్కువగా కాలేయానికి, ఒక్కోసారి పదేళ్ల తర్వాత కూడా. రక్తంలో లివర్ పరీక్షలు మామూలుగా ఉన్నా లోపల చిన్న గడ్డలు ఉండొచ్చు. ముప్పు ఎక్కువున్నవారికి ఆరు నెలలకోసారి కాలేయానికి ఎంఆర్ఐ లేదా అల్ట్రాసౌండ్ అవసరం.

వ్యాపించిందని తేలితే హెచ్‌ఎల్‌ఏ-ఏ*02:01 (రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక జన్యు రకం) రక్త పరీక్ష అడగండి. అది పాజిటివ్ అయినవారికే రోగనిరోధక కణాలను గడ్డ మీదకు మళ్లించే టెబెంటాఫస్ప్ మందు పనికొస్తుంది. 2022 జనవరిలో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు తీసుకున్నవారిలో ఏడాదికి 73 శాతం మంది బతికి ఉన్నారు. ఇతర మందులు వాడినవారిలో 59 శాతం. చర్మ మెలనోమాకు వాడే, బీరాఫ్ జన్యువులో మార్పును లక్ష్యం చేసుకునే మాత్రలు ఇక్కడ సాధారణంగా పనిచేయవు. ఈ గడ్డల్లో మార్పు జీఎన్‌ఏక్యూ, జీఎన్‌ఏ11 జన్యువుల్లో ఉంటుంది, బీరాఫ్‌లో కాదు.