కెన్యా పల్లెలో బడి, పిల్లల ఆశ్రమం: అపోహలు - వాస్తవాలు

పశ్చిమ కెన్యాలో, విక్టోరియా సరస్సుకు చేరువలోని ఒక పల్లెలో, విరాళాలతో నడిచే చిన్న బడినీ దానికి అనుబంధమైన పిల్లల ఆశ్రమాన్నీ చూసుకోవడం నా ఉద్యోగం. సాయం చేస్తామంటూ హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి, అమెరికాలోని మనవాళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో మంచి మనసుకు కొదవ ఉండదు. అయితే వాటిలో తరచుగా కనబడే కొన్ని నమ్మకాల వల్ల ఆ డబ్బు అవసరం లేని చోటికి చేరుతోంది.

అపోహ: ఆశ్రమంలోని పిల్లలందరూ తల్లీ తండ్రీ లేనివారే.

వాస్తవం: ప్రపంచంలో చాలాచోట్ల ఆశ్రమాల్లో పెరుగుతున్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఇద్దరిలో ఒక్కరిని పోగొట్టుకున్న బిడ్డను కూడా యునిసెఫ్ (ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ) అనాథగానే లెక్కిస్తుంది కనుక, లక్షల్లో కనబడే అనాథల సంఖ్యను చూసి అంతమందికీ నా అన్నవారు లేరనుకోవడం పొరపాటు. పశ్చిమ కెన్యాలోని సియాయా, కిసుము, హోమా బే కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) హెచ్‌ఐవీ ఎన్నో కుటుంబాలను కూల్చిన మాట నిజమే. అయినా ఆ ఇళ్లలో మిగిలిన పిల్లల్లో అత్యధికులను పెంచి పెద్దచేసింది నాయనమ్మలు, అమ్మమ్మలు, పిన్నులే తప్ప ఆశ్రమాలు కావు. మనవణ్ణి చేర్చుకోమని వచ్చిన ముసలావిడను కూర్చోబెట్టి నిదానంగా అడిగితే, ఆమె చెప్పే ఇబ్బందులు సాధారణంగా బడిలో మధ్యాహ్న భోజనానికి కట్టాల్సిన సొమ్ము, యూనిఫాం, ఇంటికప్పు మీద తుప్పుపట్టి చిల్లులు పడిన రేకులు. వీటిని తీర్చడానికి అయ్యే ఖర్చు, అదే బిడ్డకు మేము మంచం, మేట్రన్ (పిల్లల ఆలనాపాలనా చూసే ఆవిడ), మూడు పూటల తిండి సమకూర్చడానికి అయ్యే ఖర్చు కంటే చాలా తక్కువ. పైగా పిల్లవాడు సొంత ఊళ్లో, సొంత మనుషుల మధ్య ఉంటాడు.

అపోహ: ఎంత ఎక్కువమందిని చేర్చుకుంటే అంత గొప్ప ఆశ్రమం.

వాస్తవం: కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌ను నిలిపివేసింది. 2022లో కొత్త బాలల చట్టం వచ్చింది. అదే ఏడాది ప్రకటించిన పదేళ్ల ప్రణాళిక పిల్లలను క్రమంగా కుటుంబాలకు చేర్చాలని చెబుతోంది. పిల్లల సంఖ్యను బట్టి విరాళం నిర్ణయించే దాతలు, తమకు తెలియకుండానే, ఇళ్లకు పంపదగిన పిల్లలను కూడా ఆశ్రమంలోనే ఉంచేలా నిర్వాహకులకు ఆశ చూపుతున్నారు. ఈ ఆశకు లొంగిన ఆశ్రమాలు లేవని నేను అనను.

అపోహ: కెన్యాలో ప్రాథమిక విద్య ఉచితం కాబట్టి ఇలాంటి బడి అనవసరం.

వాస్తవం: 2003లో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ట్యూషన్ ఫీజు రద్దయింది. యూనిఫాం, తిండి వంటి ఖర్చులు మాత్రం చాలావరకు కుటుంబం మీదే ఉన్నాయి. ఆ భారం మోయలేని ఇళ్ల పిల్లలకు ఇలాంటి బడి అవసరమే.

అపోహ: తరగతి గదులు కట్టిస్తే మిగతావన్నీ వాటంతట అవే సమకూరుతాయి.

వాస్తవం: గోడ మీద దాత పేరు చెక్కించవచ్చు, మొక్కజొన్న పొత్తు మీద చెక్కించలేము, అందుకే కాబోలు, భవనానికి దొరికినంత తేలికగా భోజనానికి డబ్బు దొరకదు. మా మధ్యాహ్న భోజనం గిథేరి, అంటే మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించినది. మార్చిలో వేసిన పంట ఆగస్టు ప్రాంతంలో చేతికి వస్తుంది. అంతకు ముందు నెలల్లో ఇళ్లలో గింజలు అడుగంటి, సంతలో ధర మండిపోతుంది. కోత సమయంలో 90 కిలోల బస్తాల లెక్కన కొని నిల్వ చేయగలిగితేనే బడ్జెట్ నిలబడుతుంది, అందుకు ఆ నెలలోనే చేతిలో నగదు ఉండాలి. గింజల్లో తేమ 13.5 శాతానికి మించితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరే ప్రమాదం ఉంది. 2004లో తూర్పు కెన్యాలో అలాంటి మొక్కజొన్న తిని 125 మంది చనిపోయారు. తేమ కొలిచే మీటరు లేని చోట పొడి గాజు సీసాలో గింజలు, పొడి ఉప్పు వేసి బాగా కుదుపుతారు. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే ఆ బస్తాను మళ్లీ ఎండబెట్టవలసిందే.

అపోహ: డబ్బు దుర్వినియోగం అవుతుంది, బట్టలు పంపడమే క్షేమం.

వాస్తవం: పాతబట్టల వ్యాపారం ఇక్కడ పల్లె సంతల దాకా విస్తరించింది. రవాణాకూ సుంకానికీ పెట్టే డబ్బుతో ఇక్కడి దర్జీ చేత యూనిఫాంలు కుట్టించవచ్చు. దుర్వినియోగం భయం న్యాయమైనదే కాబట్టి రసీదులు, ఆడిట్ నివేదిక అడగండి. అవి చూపించలేని సంస్థకు బట్టలు కూడా పంపకండి.

అపోహ: రెండు వారాలు వచ్చి పాఠాలు చెబితే పిల్లలకు మేలు.

వాస్తవం: కెన్యాలో బడిపాఠం చెప్పాలంటే ఉపాధ్యాయ సేవా కమిషన్ వద్ద నమోదు ఉండాలి, జీతం తీసుకోని విదేశీయులకు కూడా అనుమతి పత్రం కావాలి. అంతకంటే ముఖ్యంగా, ఆశ్రమంలోని చిన్నపిల్లలు పలకరించిన ప్రతి కొత్తవారినీ అల్లుకుపోతారు, ఆ కొత్తవారు రెండు వారాల్లో వెళ్లిపోతారు. ఆ విమాన టికెట్టు డబ్బుతో ఇక్కడే శిక్షణ పొంది ఉద్యోగం దొరకక ఉన్న ఉపాధ్యాయురాలికి కొన్ని నెలల జీతం ఇవ్వవచ్చు. రావాలనే ఉంటే, జమాఖర్చుల పుస్తకాలు చూడగలిగినవారు రండి; ఆ పని ఆఫీసు గదిలో ఉంటుంది, పిల్లల గదిలో కాదు.