గేర్లు ఎక్కువుంటే ఘాట్ ఎక్కేస్తామా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, నా సైకిల్‌కు ఉండేది 21 గేర్లే. 27 గేర్లది కొంటే గువ్వలచెరువు ఘాట్ దిగకుండా ఎక్కొచ్చా?"

కడపలో గేర్ సైకిళ్లు రిపేరు చేసే నాకు ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చింది. అడిగేవాళ్ల మీద కాదు, వాళ్ల తలకు ఆ మాట ఎక్కించినవాళ్ల మీద. క్యారియర్‌కు బ్యాగులు కట్టుకుని శ్రీశైలమో, హార్స్‌లీ హిల్సో పోదామనుకునేవాళ్లకు ఘాట్ అంటే టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్ చూసి కొత్త సైకిల్ అంటగడుతున్నారు.

అపోహ: గేర్లు ఎన్ని ఎక్కువుంటే ఎక్కడం అంత సులువు.

వాస్తవం: నిటారు ఎత్తులో మిమ్మల్ని కాపాడేది ఒక్కటే గేరు. ముందు పెడల్ దగ్గర అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం (చైన్‌రింగ్), వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం. ఆ రెండిటి పళ్లు లెక్కపెట్టి, ముందువాటిని వెనకవాటితో భాగించండి. వచ్చిన అంకె ఎంత చిన్నదైతే కాళ్లకు అంత సుఖం. మిగతా గేర్లన్నీ చదును రోడ్డు మీద పనికొచ్చేవే.

ఒకాయన దగ్గర ముందు 48, 38, 28 పళ్ల చైన్‌రింగులు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా చక్రాలు ఉన్న హైబ్రిడ్ సైకిల్ ఉండేది. 28ని 28తో భాగిస్తే 1. ఎవరో చెప్పారని దాన్ని సగం ధరకు అమ్మేసి, 22 గేర్ల రోడ్ బైక్ తెచ్చుకున్నాడు. దానికి ముందు 50-34, వెనక 11-28. 34ను 28తో భాగించండి, 1.21. అంటే డబ్బు పోసి ఇంకా బరువైన గేరు కొనుక్కున్నాడన్నమాట! 15 కిలోల సామాను వేసుకుని, గువ్వలచెరువు ఘాట్ ఉండే రాయచోటి రోడ్డు పట్టాడు. లారీలే పాక్కుంటూ పోయే మలుపుల్లో దిగి నెట్టుకుంటూ పోయి, గువ్వలచెరువులో పాలకోవా తిని వెనక్కి వచ్చేశాడు. కోవా మాత్రం బాగుందన్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి మోకాలు పట్టుకుని కుంటుతున్నాడు. "వయసైపోయింది లేప్పా" అంటాడు.

వయసు కాదు సార్, లెక్క. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకోండి. ఘాట్‌లో గంటకు 5.5 కిలోమీటర్లు పోవడమే గొప్ప. రోడ్ బైకులకు ఉండే 700సీ సైజు చక్రాలతో, 34-28 (ముందు 34, వెనక 28) మీద ఆ వేగానికి పెడల్ నిమిషానికి 35 సార్లే తిరుగుతుంది. ఒక్కో తొక్కుడుకూ ఒళ్లంతా వేసి నొక్కాలి, ఆ భారమంతా మోకాలి మీదే. అదే వేగంలో 24-34 మీద పెడల్ 60 సార్లు తిరుగుతుంది. చేసే పని అంతే, ఒక్కో తొక్కుడుకు బలం మాత్రం దాదాపు 40 శాతం తగ్గుతుంది. ఆయన పాత సైకిల్‌కే వెనక 14 నుంచి 34 పళ్ల దాకా ఉండే మెగారేంజ్ ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల సెట్), ముందు 42-34-24 క్రాంక్‌సెట్ (పెడల్ కడ్డీలు, చైన్‌రింగులు కలిసిన సెట్) వేసుంటే 24ను 34తో భాగిస్తే 0.71 వచ్చేది. ఖర్చు కొత్త సైకిల్ ధరలో పదో వంతు కూడా అయ్యేది కాదు.

అపోహ: వెనక పెద్ద ఫ్రీవీల్ బిగిస్తే పనైపోయినట్టే.

బిగించేముందు రెండు చూడండి. ఒకటి, వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) 34 పళ్లకు తట్టుకుంటుందా. రెండు, పళ్ల తేడా వల్ల చైన్‌లో వచ్చే వదులంతా లాగి పట్టగలదా: ముందు 42లోంచి 24 తీస్తే 18, వెనక 34లోంచి 14 తీస్తే 20, కలిపి 38. పొట్టి కేజ్ (చైన్‌ను లాగి పట్టే కింది చేయి) ఉన్న డిరైలర్‌తో ఇది జరగదు. చైన్ పాత కొలత చాలకపోతే ఇంకా ప్రమాదం. పెద్ద చైన్‌రింగ్ మీద, పెద్ద పళ్ల మీద ఒకేసారి పడినప్పుడు చైన్ చాలక డిరైలర్‌ను లాగేస్తుంది, దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది లేదా విరుగుతుంది. దోర్నాల దాటి అడవిలో అది విరిగితే ఎవరు వస్తారు? డిరైలర్ గుండా పోనివ్వకుండా చైన్‌ను ఆ రెండు పెద్ద చక్రాల మీదుగా చుట్టి, కలిసే చోటికి రెండు లింకులు ఎక్కువ ఉంచి తెంపండి. అరిగిన చైన్‌ను కొత్త ఫ్రీవీల్ మీద వేయొద్దు, బరువు పడగానే జారుతుంది. క్రాంక్‌సెట్ మారిస్తే ముందు డిరైలర్‌ను కూడా కిందికి దించాలి. చవక సైకిళ్లలో చైన్‌రింగులు రివెట్లు కొట్టి వస్తాయి కాబట్టి చిన్నది ఒక్కటే మార్చడం కుదరదు, సెట్ మొత్తం మార్చాల్సిందే.

పాత ఫ్రీవీల్ ఊడదీయడం వేరే కథ. తొక్కేకొద్దీ దాని మరలు బిగుసుకుంటాయి. రిమూవర్ (ఫ్రీవీల్ ఊడదీసే పనిముట్టు) పెట్టి, జారకుండా దాన్ని క్విక్ రిలీజ్‌తో (చక్రాన్ని బిగించే మీట ఉన్న సన్న కడ్డీ) వదులుగా పట్టించి, స్పానర్‌కు బారెడు పైపు తగిలించి ఊగితే "టక్" మని వదులుతుంది. వెంటనే క్విక్ రిలీజ్ తీసేయాలి, లేదంటే అదే విరుగుతుంది. సుత్తితో కొట్టేవాడి చేతిలో మాత్రం సైకిల్ పెట్టొద్దు.

ఇక మిగతా అపోహలు. 'చిన్న గేరు వేస్తే చదునులో స్పీడు పోతుంది' అంటారు. 42-14 మీద నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకు దాదాపు 35 కిలోమీటర్లు. బ్యాగులతో అంతకన్నా ఎవరు పోతున్నారు? 'చిన్న గేరులో చైన్ తెగుతుంది'. ఎక్కువగా తెగేది ఒళ్లంతా పెడల్ మీద వేసి గేరు మార్చినప్పుడు. 'ఎంత చిన్నదైతే అంత మంచిది'. గంటకు 4 కిలోమీటర్ల కింద బ్యాలెన్స్ నిలవడమే కష్టం, దానికన్నా దిగి నడవడం మేలు.

ఒక్కటి గుర్తుంచుకోండి. మెగారేంజ్‌లో 24 పళ్ల నుంచి నేరుగా 34కు దూకుతుంది, మధ్యలో ఏమీ ఉండదు. మలుపు నిటారుగా కనబడగానే, కాళ్లు ఇంకా తేలిగ్గా తిరుగుతున్నప్పుడే ఆ గేరు వేసేయండి.