ఆటస్థలం నుంచి ఆఫీసుకు: జట్టు గురించి, గెలుపు గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉద్యోగ బృందాలకు ఆటల ద్వారా శిక్షణ ఇస్తున్నాను. అంతకుముందు విశ్వవిద్యాలయ కబడ్డీ జట్టులో కుడి కార్నర్‌గా, అంటే కుడి చివరన నిలబడి కూతకు వచ్చినవాణ్ని పట్టుకునే ఆటగాడిగా, ఆడాను. వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు వైపు ఏ కార్యాలయానికి వెళ్లినా నలుగురైదుగురు తెలుగువాళ్లు కనిపిస్తారు. టీ విరామంలో దగ్గరికి వచ్చి, "గెలిచే జట్లలో ఉండేదేమిటి, మా బృందంలో లేనిదేమిటి?" అని అడుగుతారు. ఇంతకాలంగా చూస్తున్నదాన్ని బట్టి నాకు తోచిన సమాధానం ఒకటే: జట్టు బలం మనుషుల్లో ఎంత ఉంటుందో, ఒకరి చేతిలోంచి మరొకరి చేతికి పని మారే ఆ చిన్న జాగాలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. మనం సాధన చేయకుండా వదిలేసేది సరిగ్గా ఆ జాగానే. నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కూడా చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: మెరికల్లాంటి వాళ్లందరినీ ఒకచోట చేరిస్తే మేటి జట్టు దానంతటదే తయారవుతుంది.

వాస్తవం: 2016 రియో ఒలింపిక్స్ పురుషుల 4x100 మీటర్ల రిలేలో జపాన్ 37.60 సెకన్లలో పరుగు ముగించి, జమైకా తర్వాత రెండో స్థానంలో నిలిచి రజతం గెలుచుకుంది. ఆ రోజుకి జపాన్ పరుగువీరులు నలుగురిలో ఒక్కరు కూడా 100 మీటర్లను అధికారికంగా 10 సెకన్లలోపు పరుగెత్తి ఉండలేదు. వాళ్ల కంటే వేగవంతులున్న అమెరికా జట్టు మూడో స్థానంలో గీత దాటినా, మొదటి మార్పిడిలో బ్యాటన్ (ఒకరి నుంచి మరొకరు అందుకునే చిన్న కర్ర) నిర్ణీత హద్దులోకి రాకముందే అందుకునేవారి చేయి దానికి తగలడంతో అనర్హత పాలైంది. జపాన్ వాళ్లు బ్యాటన్‌ను కిందినుంచి పైకి అందించే పద్ధతిని ఏళ్ల తరబడి సాధన చేశారు. కాళ్ల వేగంలో ఉన్న లోటును చేతుల మధ్య పూడ్చుకున్నారు.

ఈ మాట చెబితే అందరూ తలాడిస్తారు కానీ, ఒంటికి పట్టదు. అందుకే నేను చేతికి బ్యాటన్ ఇస్తాను. రెండేళ్ల కిందట, రాత్రింబవళ్లు షిఫ్టుల్లో పనిచేసే ఒక సపోర్ట్ బృందాన్ని శనివారం పొద్దున్నే మారతహళ్లి దగ్గర ఒక పాఠశాల మైదానానికి తీసుకువెళ్లాను. రాత్రి షిఫ్టువాళ్లు సగం తేల్చిన సమస్యను పగటివాళ్లు మళ్లీ మొదటినుంచి తవ్వడం, ఖాతాదారు ఒకే సంగతిని మూడుసార్లు చెప్పుకోవలసి రావడం వాళ్ల రోజువారీ బాధ. రిలేలో బ్యాటన్ అందుకునే వ్యక్తి తన బూటు పొడవుతో వెనక్కి అడుగులు కొలుచుకుని, నేల మీద ఒక టేపు ముక్క అంటించుకుంటారు. వచ్చే వ్యక్తి ఆ టేపు దాటిన క్షణంలోనే వీళ్లు ముందుకు చూస్తూ పరుగందుకుని, వెనకనుంచి కేక వినగానే చేయి వెనక్కి చాపాలి. మొదటి ప్రయత్నంలో అందుకోవలసిన అబ్బాయి వెనక్కి తిరిగి, చేయి చాపి, నిలబడిపోయాడు. వేగంగా వచ్చిన అమ్మాయి అతని భుజానికి గుద్దుకుంది. ఆ తర్వాత అతను మరీ ముందే పరుగెత్తాడు, ఆమె బ్యాటన్ పట్టుకుని హద్దు దాటేవరకు వెంటపడింది. ఇరవైసార్లకు పైగా చేశాక, వెనక్కి చూడకుండా చాపిన అరచేతిలో బ్యాటన్ టప్పుమని పడింది. ఆ చప్పుడు విని అతను నవ్వుతూ మరో పది గజాలు పరుగెత్తి ఆగి, "సార్, ఆఫీసులో మా టేపు ఎక్కడుందంటారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్నతోనే వాళ్ల పద్ధతి మారింది. షిఫ్టు ముగియడానికి పదిహేను నిమిషాల ముందు కొత్త పని తీసుకోవడం ఆపి, తెరిచి ఉన్న ప్రతి సమస్య కింద మూడు సంగతులు రాయాలని వాళ్లే నిర్ణయించుకున్నారు: ఏం చేశాం, ఏది ప్రయత్నించి విఫలమయ్యాం, ఖాతాదారుకు ఏం మాట ఇచ్చాం. రెండోది రాయడానికి అందరికీ మొహమాటం. వచ్చే షిఫ్టువాళ్ల సమయాన్ని అన్నిటికంటే ఎక్కువ కాపాడేది మాత్రం అదే.

అపోహ: గెలిచే మనస్తత్వం అంటే ఓటమి మాటే తలపెట్టకపోవడం.

వాస్తవం: ఈ అపోహ చేసే హాని నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే దీన్ని నమ్మిన బృందాల్లో చెడు కబురు చెప్పేవాళ్లే ఉండరు. మన పురుషుల హాకీ జట్టు బెంగళూరులోని భారత క్రీడా ప్రాధికార సంస్థ ప్రాంగణంలో ఎక్కువకాలం సాధన చేసి టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లింది. అక్కడ 2021 జులై 25న ఆస్ట్రేలియా చేతిలో 1-7 తేడాతో ఓడింది. రెండు రోజుల తర్వాత స్పెయిన్‌ను 3-0తో ఓడించింది. ఆగస్టు 5న కాంస్యం కోసం జర్మనీతో ఆడుతూ 1-3తో వెనకబడి, చివరికి 5-4తో గెలిచింది. ఆఖరి సెకన్లలో జర్మనీకి దక్కిన పెనాల్టీ కార్నర్‌ను గోల్‌కీపర్ శ్రీజేష్ అడ్డుకున్నాడు. 41 ఏళ్ల తర్వాత హాకీలో మనకు ఒలింపిక్ పతకం అలా వచ్చింది. ఏడు గోల్స్ ఇచ్చుకున్న జట్టు ఆ సంగతిని తలుచుకోకుండా దాటేసి ఉంటే ఇదంతా సాధ్యమయ్యేదని నేను అనుకోను.

కబడ్డీలో దీన్ని ఇంకా దగ్గరగా నేర్చుకున్నాను. మా మాస్టారు వారంలో రెండు రోజులు మమ్మల్ని ఓడిపోతున్న స్థితి నుంచే ఆడించేవారు: మూడు నిమిషాలు మిగిలాయి, ఐదు పాయింట్లు వెనకబడ్డాం, కోర్టులో ముగ్గురమే ఉన్నాం. ముగ్గురు లేదా అంతకంటే తక్కువమంది ఉన్నప్పుడు కూతకు వచ్చినవాణ్ని పట్టుకుంటే ఒక పాయింటు అదనంగా వస్తుంది. ఆ సూపర్ టాకిల్ నియమం మాకు నోటికి వచ్చినట్టు ఒంటికీ రావాలని ఆయన పట్టుదల. నిజంగా ముగ్గురమే మిగిలిన రోజున గాభరా ఉండేది కానీ, కొత్త మాత్రం ఉండేది కాదు. కార్యాలయాల్లో నేను చేయించేది కూడా ఇదే. సర్వర్ పడిపోయింది, అనుభవజ్ఞుడు సెలవులో ఉన్నాడు, ఖాతాదారు ఫోన్‌లో ఉన్నాడు అని ఊహించుకుని, ఎవరు ఎవరికి ముందు ఫోన్ చేస్తారో గడియారం పెట్టి ఆడిస్తాను. మొదటిసారి చేసినప్పుడు అవసరమైన ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదని బయటపడని బృందాన్ని నేను అరుదుగా చూశాను.

అపోహ: విహారయాత్రలు, విందులు జట్టు స్ఫూర్తిని పెంచుతాయి.

వాస్తవం: పరిచయం పెరుగుతుంది, అది మంచిదే. నంది కొండల మీద కలిసి సూర్యోదయం చూసినంత మాత్రాన సోమవారం ఉదయం పని చేతులు మారే తీరు మారదు.

అపోహ: రాణిస్తున్నవాళ్ల స్థానం కదపకూడదు, కదిపితే వాళ్ల హోదా తగ్గించినట్టే.

వాస్తవం: 2001 మార్చిలో కోల్‌కతా టెస్టులో భారత్ 171 పరుగులకే కుప్పకూలి, ఆస్ట్రేలియా కంటే 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. అప్పటికి ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి ఉంది. రెండో ఇన్నింగ్స్‌లో మన హైదరాబాదు లక్ష్మణ్‌ను మూడో స్థానానికి పంపారు. ఆ స్థానంలో ఆడుతూ వచ్చిన బెంగళూరు ద్రవిడ్ ఆరో స్థానానికి దిగాడు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180 పరుగులు చేశారు. ఐదో వికెట్‌కు 376 పరుగులు జోడించి, నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడనివ్వలేదు. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. ఈ కథలో అందరికీ 281 గుర్తుంటుంది. ఆరో స్థానానికి దిగి చేసిన 180 గురించి నేను ప్రతి శిక్షణలోనూ ప్రత్యేకంగా చెబుతాను. ఎందుకంటే ఈ ఊళ్లో ప్రాజెక్టు మార్చితే చాలు, రాజీనామా పత్రం సిద్ధం చేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. అయితే తప్పు ఉద్యోగిది మాత్రమే అనలేను. స్థానం ఎందుకు మారుస్తున్నారో పై అధికారి ముఖాముఖి కూర్చుని చెప్పకుండా ఈమెయిల్ పంపితే, అది ఎవరికైనా శిక్షలాగే వినిపిస్తుంది.

అపోహ: గెలవాలనుకునేవారు విశ్రాంతి అడగరు.

వాస్తవం: హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కొన్ని నిమిషాలు శక్తికొద్దీ పరుగెత్తి, బెంచీ మీద కూర్చుని, ఊపిరి తీసుకుని మళ్లీ వెళ్లడం ఆ ఆటలో వ్యూహమే. బయటికి వచ్చిన ఆటగాణ్ని అక్కడ ఎవరూ బద్ధకస్తుడనరు.

అపోహ: లోపల పోటీ పెడితే జట్టు పదునెక్కుతుంది.

వాస్తవం: నేను కొన్నాళ్లు పనిచేసిన ఒక సంస్థలో ప్రతి నెలా మొదటి పదిమంది పేర్లను గోడ మీద పెట్టేవారు. మూడో నెలకల్లా, తెలిసిన కిటుకును పక్కవారికి చెప్పడం మానేశారు. కొత్తగా చేరిన అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానం తెలిసినవాళ్లు ముగ్గురున్నా, ఆమెకు రెండు రోజులు పట్టింది. ఆటలో ప్రత్యర్థి గీతకు అవతల ఉంటాడు, ఆ గీతను మన బల్లల మధ్య గీయకూడదు. కబడ్డీలో కార్నర్ ముందుకు దూకి, కూతకు వచ్చిన రైడర్ చీలమండ పట్టుకుంటే, రెప్పపాటులో అతనికి తోడుగా నిలిచే ఆటగాడు, అంటే కవర్, వచ్చి నడుము దగ్గర పడాలి. లేకపోతే రైడర్ కార్నర్‌ను ఈడ్చుకుంటూనే మధ్య గీతను అందుకుంటాడు. మా మ్యాచ్‌ల స్కోరు పుస్తకంలో ఆ టాకిల్ నా పేరు కింద పడేది. నా పక్కన మూడేళ్లు కవర్‌గా ఆడిన అతని పేరు కింద ఆ పట్టులు ఎక్కడా ఉండేవి కావు. అందుకే ఇప్పుడు ఏ సంస్థలోనైనా నెలవారీ సమీక్షలో కూర్చోబెడితే, సాధించినవారి పేరు చదివాక ఆ పనిలో కవర్ ఎవరో కూడా చెప్పమని అడుగుతాను. మొదటి నెల గది నిశ్శబ్దంగా ఉంటుంది. రెండో నెలకు పేర్లు వస్తాయి.