చెత్త తగ్గించే షాపు, విరాళాల కోసం రాసిన చట్టం

బ్రిటన్‌లో ఏ ఊరి మెయిన్ రోడ్డు మీదికి వెళ్లినా చారిటీ షాపు కనబడుతుంది. జనం దానంగా ఇచ్చిన వాడిన సామాన్లు అమ్మి, ఆ డబ్బును సేవాసంస్థకు ఇచ్చే దుకాణం అది. దేశం మొత్తమ్మీద పది వేలకు పైనే ఉన్నాయి. అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లల్లోనూ తొలి చలికోటు, గిన్నెలు, రాతబల్ల ఈ షాపుల్లో కొనుక్కునేవాళ్లు ఎందరో. ఇళ్ల చెత్త తగ్గాలంటే వీటికి కౌన్సిళ్లు (స్థానిక పాలక సంస్థలు) అండగా నిలవాలన్న వాదన ఇప్పుడు గట్టిపడుతోంది. న్యాయమైన వాదనే. కాకపోతే ఇప్పుడున్న రాయితీలన్నీ వీటిని విరాళాల సేకరణ కేంద్రాలుగా చూసి ఇచ్చినవి. చిక్కంతా అక్కడే ఉంది.

చెత్త ఆలోచనే ముందు వచ్చింది నిజానికి. ఇంటింటికీ తిరిగి వాడి పడేసినవి పోగుచేసి, బాగుచేసి అమ్మే దళాన్ని 1890లోనే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ స్థాపకుడు విలియం బూత్ ప్రతిపాదించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రెడ్ క్రాస్ వందల షాపులు తెరిచింది, యుద్ధ సహాయ నిధి కోసం. కరువులో ఉన్న గ్రీసుకు సాయంగా 1942లో ఆక్స్‌ఫర్డ్‌లో ఏర్పడిన కమిటీయే తర్వాత ఆక్స్‌ఫామ్ అయింది. పిలుపు ఇస్తే అవసరానికి మించి వచ్చిపడిన సామాన్లను అమ్మడానికి ఆ ఊరి బ్రాడ్ స్ట్రీట్‌లో అది షాపు పెట్టింది. నేటి చారిటీ షాపులకు నమూనా అదే.

షాపులు పెరిగేకొద్దీ ఆస్తిపన్ను తగాదా వచ్చింది. చారిటీ భవనాలకు అప్పట్లో సగం పన్ను మినహాయింపు ఉండేది. అది షాపులకు వర్తించదని ఆక్స్‌ఫామ్, బర్మింగ్‌హామ్ కౌన్సిల్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. డబ్బు కూడబెట్టడం వేరు, ఆ డబ్బుతో సేవ చేయడం వేరు అన్నది తీర్పు సారం. పార్లమెంటు 1976లో ప్రత్యేక చట్టం తెచ్చి మినహాయింపు నిలబెట్టింది. అమ్మే సరుకులో పూర్తిగా గానీ, అధికభాగం గానీ దానంగా వచ్చిందే ఉండాలన్నది షరతు. 1990 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో మినహాయింపు 80 శాతమైంది. దానంగా వచ్చిన వస్తువుల అమ్మకంపై వ్యాట్ కూడా సున్నా. ఇవి లేకపోతే చాలా షాపుల రాబడి అద్దెకే చాలదు. అయితే రెండింటిలోనూ ఎన్ని కిలోల సామాను చెత్తకుప్పకు పోకుండా ఆపారన్న ప్రశ్నే లేదు.

ఆ ప్రశ్న 1990ల్లో వచ్చింది. చెత్తను పూడ్చకుండా మళ్లించే సంస్థలకు, తమకు ఆదా అయిన ఖర్చు లెక్కగట్టి టన్నుకు ఇంత అని కౌన్సిళ్లు చెల్లించే వీలును 1990 పర్యావరణ చట్టం కల్పించింది. బయటి సంస్థలకు చెల్లించి తీరాలని మాత్రం అనలేదు. 1996 అక్టోబరులో పూడ్చే చెత్తపై టన్నుకు 7 పౌండ్ల పన్ను మొదలైంది. అదిప్పుడు వంద పౌండ్లు దాటింది. అంటే షాపులు ఆపే ప్రతి టన్నుకూ కౌన్సిళ్లకు మిగిలేది పెరుగుతూ వచ్చింది. అందులో వాటా కావాలంటే షాపులు అడిగి తీసుకోవాల్సిందే.

షాపు వెనకగది చూస్తే ఈ పని బరువు తెలుస్తుంది. సంచి విప్పి చేత్తో తడిమి చూస్తారు: చంకల దగ్గర మరక, జిప్పు, గుండీలు, చెమ్మ వాసన. రాత్రి తలుపు ముందు వదిలేసిన సంచి వానకు తడిస్తే ఒక్క చొక్కా బూజుతో సంచి మొత్తం పోతుంది. బాగున్నవాటిని స్టీమర్‌తో సాపు చేసి, ఏ వారం పెట్టారో ట్యాగు మీద వేసి వేలాడదీస్తారు. కొన్ని వారాల్లో అమ్ముడుపోకపోతే ధర తగ్గిస్తారు, లేదా మరో షాపుకు పంపుతారు. ఆపై పాత బట్టల వ్యాపారికి కిలోల లెక్కన పోతుంది. అలా బయల్దేరిన బట్టల్లో కొన్ని గుజరాత్‌లోని కాండ్లా గోదాముల్లో వేరుపడతాయి, కొన్ని పానిపట్ మిల్లుల్లో మళ్లీ నూలవుతాయి. కిలో ధర పడితే షాపు ఆదాయానికి నేరుగా గండి. చవక ఫ్యాషన్ బట్ట నాలుగు ఉతుకులకే ఉండలు కడుతోంది కాబట్టి సంచుల్లో అమ్మదగ్గవాటి వంతూ తగ్గుతోంది.

కొన్నింటిని అసలు తీసుకోలేరు. సోఫా అగ్ని భద్రత ప్రమాణాలకు తగినట్టు ఉండాలని 1988 నిబంధనలు. అందుకు షాపులు చూసే రుజువు దాని లేబులే. గీసుకుంటోందని ఎవరో ఆ లేబుల్‌ను కత్తిరించేసి ఉంటే, ఎంత మంచి సోఫా అయినా సాధారణంగా తీసుకోరు. పిల్లల కారు సీటు ప్రమాదంలో దెబ్బతిందో లేదో పైకి కనబడదు, అందుకే వద్దంటారు. కరెంటు సామాను అమ్మాలంటే పరీక్ష తెలిసిన మనిషి కావాలి. చాలా షాపుల్లో లేరు.

పడేయాల్సినదాని ఖర్చు సంగతి కొంత మెరుగు. ఇళ్ల నుంచి దానంగా వచ్చిన మిగులును ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 నిబంధనలు ఇంటి చెత్తగానే చూస్తాయి. కౌన్సిల్ ఎత్తుకెళ్లే ఖర్చు అడగవచ్చు, పూడ్చే ఖర్చు అడగకూడదు. ప్రైవేటు బండి పెట్టుకున్న షాపుకు మాత్రం రెండూ బిల్లులో పడతాయి. కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో ఉచితంగా దించనిస్తే ఈ భారం పోతుంది. రాయితీలన్నిటిలో తేలికైనది ఇదే.

ఇంకో అడుగు ముందుకేసిన ఉదాహరణ గ్రేటర్ మాంచెస్టర్. రీసైక్లింగ్ సెంటర్లకు జనం తెచ్చిన వాటిలో పనికొచ్చేవి పక్కకు తీసి, ట్రాఫర్డ్ పార్క్‌లోని కేంద్రంలో బాగుచేసి, రెన్యూ పేరుతో నడిచే షాపుల్లో 2021 నుంచి అమ్ముతున్నారు. ఇలాంటి ఏర్పాటులో పైకప్పున్న కంటైనర్ చెత్త డబ్బాల కన్నా ముందు, గేటు దగ్గరే ఉండాలి. బల్ల ఒకసారి డబ్బాలో పడిందంటే కాలు విరుగుతుంది, వానకు చెక్క ఉబ్బుతుంది. గేటు దగ్గర కారు ఆపి, పనికొచ్చేవి ఉన్నాయా అని అడిగే మనిషికి జీతం ఎవరిస్తారన్నది ఒప్పందంలోనే రాసుకోవాలి.