బ్రష్ పట్టే ముందు తెర చూసుకోండి

చిరంజీవులైన పిల్లలకు,

ముత్తమ్మమ్మ పెళ్లిఫొటో మీద గీతలు తీసేసి, పెద్దది చేయించి ఫ్రేము కట్టిద్దామని మీకు మీరుగా అనుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. గింప్ దించుకున్నామన్నారు, మంచిపని. 1995లో బర్క్‌లీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన, ఫొటోలు సరిదిద్దే ప్రోగ్రాం అది. ఈనాటికీ ఉచితమే. ఫొటోషాప్‌లా చందా కట్టే పని లేదు, కానీ ఇందులో చేయి తిరిగితే అందులోనూ తడబడరు.

గీతలు ఎలా పోగొట్టాలన్న వీడియోలు తర్వాత చూద్దురుగానీ, ముందు ఒక పూట ఆ తెరతోనే గడపండి. కొత్తవాళ్లు "బ్రష్ పనిచేయట్లేదు" అని విసుక్కునే చోట చాలాసార్లు బ్రష్‌లో లోపమేమీ ఉండదు. తాము ఏ లేయర్ (పొర) మీద ఉన్నదీ, ఏ భాగం సెలెక్ట్ అయి ఉన్నదీ చూసుకుని ఉండరు.

తెర మధ్యలో ఫొటో. ఎడమవైపు టూల్‌బాక్స్. ఒక్కో గుర్తు కింద రెండు మూడు టూల్స్ దాగి ఉంటాయి, మౌస్ నొక్కి పట్టుకుంటే బయటికొస్తాయి. వాటి పేర్లు బట్టీ పట్టకండి, గుర్తు మీద మౌస్ ఆనిస్తే పేరూ షార్ట్‌కట్టూ అదే చెబుతుంది. టూల్‌బాక్స్ కిందే ఆ టూల్ తాలూకు ఆప్షన్లు ఉంటాయి: సైజు, అంచు మెత్తదనం, ఒపాసిటీ (గీసింది ఎంత దట్టంగా పడాలన్నది). టూల్ మార్చిన ప్రతిసారీ అక్కడ ఒక చూపు వేయడం అలవాటు చేసుకోండి. నిన్న పది శాతానికి తగ్గించిన ఒపాసిటీ ఇవాళా అలాగే ఉండిపోయి, గీస్తే ఏమీ పడట్లేదనిపిస్తుంది.

ఎప్పుడో ఒకప్పుడు చేయి తగిలి ట్యాబ్ కీ పడుతుంది, చుట్టూ ఉన్న ప్యానెళ్లన్నీ మాయమైపోతాయి. కంగారుపడి ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించకండి. ట్యాబ్ ఇంకోసారి నొక్కండి, అన్నీ తిరిగొస్తాయి.

కుడివైపు కింద ఉన్న లేయర్ల ప్యానెల్ దగ్గర మాత్రం నింపాదిగా ఆగండి. నా లెక్కలో ఈ ప్రోగ్రాం మొత్తానికీ ప్రాణం అక్కడే ఉంది. ఫొటో మీద పారదర్శకమైన ట్రేసింగ్ కాగితాలు ఒకదానిపై ఒకటి పరిచారనుకోండి, ఒక్కో కాగితం ఒక్కో లేయర్. మీరు గీసేది జాబితాలో ఎంచుకున్న లేయర్ మీదే పడుతుంది. పక్కనున్న కన్ను గుర్తు ఆ లేయర్ కనబడాలో వద్దో చెబుతుంది, అంతే. దాన్ని నొక్కినంత మాత్రాన లేయర్ ఎంపిక కాదు. ఈ రెంటినీ కలగాపులగం చేసుకునే చోటే కొత్తవాళ్లు తికమకపడతారు.

ముత్తమ్మమ్మ ఫొటో తెరవగానే మొట్టమొదట షిఫ్ట్, కంట్రోల్, డీ మూడూ కలిపి నొక్కండి. అచ్చం అలాంటి లేయరే ఇంకొకటి పైన తయారవుతుంది. పనంతా ఆ నకలు మీదే. అసలు లేయర్ జోలికి వెళ్లొద్దు. పై లేయర్ కన్ను మూసి తెరుస్తూ ఉంటే ఎంత మారిందో, ఎక్కడ శ్రుతి మించిందో మీకే తెలుస్తుంది.

చెంప మీద గీత ఉందనుకోండి. హీల్ టూల్ తీసుకుని, కంట్రోల్ నొక్కి పట్టి పక్కనే ఉన్న శుభ్రమైన చర్మం మీద క్లిక్ చేయండి, తర్వాత కంట్రోల్ వదిలి గీత మీద చిన్న చిన్నగా అద్దండి. చుట్టూ ఉన్న రంగును కలుపుకుంటూ అది పూడుస్తుంది. కానీ అదే గీత ముక్కుపుడక పక్కనుంచి పోతే హీల్ అక్కడ మసక చేసేస్తుంది, ఎందుకంటే మెరుపునీ చర్మాన్నీ కూడా కలిపేస్తుంది. అలాంటి అంచుల దగ్గర క్లోన్ టూల్ వాడండి, అది ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తుంది. ముఖం మీద సహజంగా ఉండే మడతలు గీతలు కావు, వాటిని తీయకండి. ఆవిడ ఆవిడలాగే కనబడాలి.

గీస్తున్నా ఏమీ పడకపోతే తెర మీద ఎక్కడైనా చీమలబారులా కదిలే చుక్కల గీత ఉందేమో చూడండి. అది సెలెక్షన్. దాని బయట ఎంత రుద్దినా ఫలితం ఉండదు. షిఫ్ట్, కంట్రోల్, ఏ నొక్కితే పోతుంది. దగ్గరగా చూసి పని చేశాక ఒకటో నంబరు కీ నొక్కి నూరు శాతంలో చూడండి. ఎనిమిది వందల శాతంలో కనబడే లోపాలు ఫ్రేములో ఎవరికీ కనబడవు, వాటి వెంటపడితే సాయంత్రం గడిచిపోతుంది.

సేవ్ నొక్కితే గింప్ తన సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలుగానే దాస్తుంది. లేయర్లన్నీ అందులో భద్రం. స్టూడియోకి ఇవ్వాల్సిన జేపీజీ కావాలంటే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంది. జేపీజీ ఒక్కటే ఉంచుకుని ఎక్స్‌సీఎఫ్ పారేయకండి: జేపీజీలో లేయర్లు కలిసిపోతాయి, మళ్లీ తెరిచి దాచిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది. చేసిన మార్పుల్ని వెనక్కి తీసుకునే అన్‌డూ చరిత్ర కూడా ఫైలు మూసేసేవరకే, ఎక్స్‌సీఎఫ్‌లోనూ అది మిగలదు. అందుకని పెద్ద మార్పు చేయబోయే ముందు కొత్త లేయర్ నకలు తీసుకోండి.

ఇంకో మాట. ఆ పాత ఫొటోకి ఫోనుతో ఫొటో తీసి దాని మీద కష్టపడకండి. ఆల్బంలోంచి జాగ్రత్తగా తీసి 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేయించండి. నాలుగంగుళాలకి ఆరంగుళాలు ఉన్న ఫొటోకి ఒకవైపు 2400, రెండోవైపు 3600 పిక్సెళ్లు (చుక్కలు) వస్తాయి, ఎ4 సైజులో అచ్చు వేయించినా బాగుంటుంది. ఆ స్కాన్‌ను నాకూ వాట్సాప్‌లో పంపండి, ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య